కట్టలకు చుట్టిన పాట

ప్రెస్సు పనిలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికొచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, గిన్నేండ్లు పేజీలు కట్టినవ్ గదా, నీకు బాగ యాదికున్న పని ఏది?" ఎన్నికలప్పుడు ఒకరినొకరు తిట్టుకునే పార్టీల కరపత్రాలన్నీ ఒకే టేబుల్ మీద కట్టిన సంగతి చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తారు. నేను చెప్పేది మాత్రం ఒక పలచటి పత్రిక గురించి. ఒక సినిమా సంగీత దర్శకుడి మీద ఆయన అభిమానులు సొంతంగా వేసుకున్న పత్రిక అది. రిటైరై ఇంట్లో కూర్చున్న ఈ వయసులో కూడా దాన్ని తలుచుకుంటే నాకు కాలు ఒకచోట నిలవదు.

మాది చేవెళ్లలో బస్టాండుకు దగ్గర్లో ఉన్న చిన్న ప్రెస్సు. పెళ్లి కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, ఎరువుల దుకాణాల బిల్లు పుస్తకాలు, ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన వెంచర్లలో ప్లాట్లమ్మే రంగు కాగితాలు, వీటితోనే మా పూట గడిచేది. ఓనరును సేటు అనేవాళ్ళం. ఆయన గల్లా దగ్గర కూర్చున్నా కళ్ళు మా చేతుల మీదే ఉండేవి. మిషన్ నడిపే ఆయన మిషన్ అన్న. కాగితాలు మడిచి, పిన్నులు కొట్టి, కట్టలు కట్టే పెద్దామె బైండింగ్ అవ్వ. నేను మొయినాబాద్ పక్కన సురంగల్ నుంచి రోజూ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని పేజీలు కట్టేదాన్ని. ఈ నలుగురిలో ఎవరు ఎవరి మాట వినేవారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, కానీ పని మాత్రం జరిగిపోయేది.

పత్రిక తెచ్చిన మనిషిని చేవెళ్లంతా క్యాసెట్ అన్న అంటుంది. ఒకప్పుడు బస్టాండు ఎదురుగా పాటల రికార్డింగ్ సెంటర్ నడిపేవాడు. మీ వయసువాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలి. అప్పట్లో మనకు కావలసిన పాటల పేర్లు చెప్పి వస్తే, ఖాళీ క్యాసెట్టులో అవన్నీ వరసగా ఎక్కించి ఇచ్చేవారు. ఏ పాట పక్కన ఏ పాట పెట్టాలో క్యాసెట్ అన్నకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పేరు. శంకర్‌పల్లి నుంచి కూడా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు అదే దుకాణంలో ఫోన్లకు కవర్లు, గ్లాసులు అమ్ముతున్నాడు. క్యాసెట్లు పోయాయి, పేరు మాత్రం మిగిలింది.

అన్నకు లోకంలో సంగీత దర్శకుడంటే ఒక్కరే. ఆ సారు అప్పటికే బాగా పెద్దవారైపోయి సినిమాలు మానేశారు. మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయనకు కూడా ఆయన పాటలంటే ప్రాణం. సారు ఏదో పని మీద హైదరాబాద్ వస్తున్నారని తెలిసి, ఒక్క గంట మా వైపు రమ్మని బతిమాలి ఒప్పించాడు. ఆ కబురు తెలిసిన రోజు క్యాసెట్ అన్న ప్రెస్సులోకి నడిచి రాలేదు, ఉరికొచ్చాడు.

"అక్కా, సారు మొయినాబాద్‌కు వస్తున్నడు. నా కండ్ల ముంగట నిలబడ్తడు. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె? ఆయన మీద ఒక పత్రిక ఏసి ఆయన చేతుల పెడ్త."

సేటు గల్లా దగ్గర నుంచే అడిగాడు. "ఒక పూలదండ ఏస్తె సరిపోదా అన్న?"

"మొయినాబాద్‌ల పూలకేం కొదువ సేటు, ఎటు చూసినా గులాబీ తోటలే. దండ ఎవలైన ఏస్తరు. నా ఇల్లు నడిచింది ఆయన పాటల మీద, నా బిడ్డలు సదువుకున్నది ఆయన పాటల మీద. ఒక్కసారి ఎదురుంగ నిలబడి దండం పెట్టాలె. ఆయన పాటలు మాకు ఎంత ఎరికనో ఆయనకు తెల్వాలె. అంతే నాకు."

సేటు ఆర్డరు రాసుకున్నాడు. అక్కడి నుంచి మా ప్రెస్సు ప్రెస్సులా లేదు. సారు అభిమానులంతా తలా ఒక వ్యాసం ఇచ్చారు. టమాటా లోడు తీసుకెళ్ళే టెంపో డ్రైవరు తన వ్యాసం చెబుతుంటే నేను టైపు చేశాను. దవాఖానలో నర్సు ఒకామె, రాత్రి డ్యూటీలో ఏ పాట పాడుకుంటే నిద్ర ఆగుతుందో రాసి పంపింది. గులాబీ తోటలో పనిచేసే ఆమె ఒకరు, చెట్లకు పురుగుమందు కొట్టేటప్పుడు పాడుకునే పాట గురించి ఫోన్లో పాడి మరీ వినిపించింది. ఇంత సంతోషంగా పేజీలు కట్టడం నా సర్వీసులో అదే మొదలు. పెళ్లి కార్డులకు వచ్చినవాళ్ళు "మా కార్డు ఏమైంది?" అంటే, "జర ఆగుండ్రి, సారు పని నడుస్తున్నది" అని మిషన్ అన్నే జవాబిచ్చేవాడు.

నడిమి పేజీలు మాత్రం క్యాసెట్ అన్న ఎవరికీ ఇవ్వలేదు. అవి తనవే. అందులో ఒకే ఒక్క పాట గురించి రాశాడు. ఆ పాట మొదలయ్యే ముందు వేణువు ఒక్క క్షణం ఆగుతుంది. "ఆ క్షణంలో ఏడు సీట్ల ఆటోలో పదకొండు మంది మాటలు ఆపుతారు" అని రాశాడు. అది చదివి నేను కీబోర్డు మీద చేతులు తీసేశాను. ఎందుకంటే ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను. మా బాపు చర్చి పెద్ద. ఇంట్లో సినిమా పాట వినబడకూడదు. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు వచ్చే ఆటోలో డ్రైవరు పెట్టే క్యాసెట్టే నాకు తెలిసిన సినిమా సంగీతమంతా. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ పాట సగంలో ఉండగా చేవెళ్ల వచ్చేస్తే, దిగకుండా కూర్చుని పాటయ్యాక దిగేదాన్ని. డ్రైవరు కూడా తొందరపెట్టేవాడు కాదు, ఆయనా వింటూనే ఉండేవాడు.

ఆ వ్యాసానికి శీర్షిక పెద్ద అక్షరాల్లో నేనే పెట్టాను. "సారు పాటలెన్నో, మా ప్రాణం ఈ పాట." నా సర్వీసులో అంత లావు అక్షరాలు ఎన్నికలకు తప్ప దేనికీ వాడలేదు.

ఇక అసలు రోజుకు వద్దాం. మర్నాడు పొద్దున ఫామ్‌హౌస్‌లో ఫంక్షన్. అట్ట, మిగతా పేజీలు అన్నీ అచ్చయిపోయి, ఆఖరుకు నడిమి పేజీల కాగితం మిషన్ ఎక్కింది. మిషన్ అన్నకు ఒక అలవాటు మొదలైంది ఆ వారంలో. ఏ పేజీలు అచ్చవుతుంటే ఆ పేజీల్లోని పాట ఫోన్లో పెట్టి మిషన్ పక్కన ఉంచేవాడు. ఆ పొద్దున కూడా పెట్టాడు. నడిమి పేజీలన్నీ అచ్చయి, కాగితాలు దొంతరగా పేరుకున్నాయి. అప్పుడు మిషన్ ఆగింది.

"అక్కా, జర ఇటు రా."

పోయి చూశాను. ఫోన్లో పాట నడుస్తోంది. నేను ఆ పాటకు బొమ్మ చూడటం అదే మొదటిసారి. హీరోయిన్ చీర బాగుందని అనబోతుంటే, ఆయన సిరా అంటిన వేలితో కింద చూపించాడు. సంగీతం అని రాసి, పక్కన వేరే ఆయన పేరుంది. అప్పట్లో మా సారుతో పోటీగా నడిచిన ఆయన పేరు. ఆ పెద్దమనిషి పోయి చాలా ఏళ్ళయింది.

"తప్పు రాసి ఉంటరు" అన్నాను.

"నేను గట్లనే అనుకున్న. సినిమా కూడ పెట్టి చూసిన. పేర్లు పడేకాడ ఈయన పేరే ఉన్నది."

మీకు నవ్వొస్తుందని తెలుసు. చేతిలో ఫోన్లు వచ్చి ఇన్నేళ్ళయినా ఒక్కరు కూడా చూసుకోలేదా అంటారు. తెలియనిదైతే వెతుక్కుంటాం, తెలిసిందని అనుకున్నదాన్ని ఎవరు వెతుకుతారు? చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఆ పాట సారుదేనని పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసింది తప్పని మాత్రం ఎవరికీ తెలియదు.

క్యాసెట్ అన్నకు ఫోన్ చేశాం. వచ్చి చూశాడు. మళ్ళీ చూశాడు. కాగితం బండిల్ మీద కూలబడ్డాడు.

"క్యాసెట్ల జాగ మిగిలితే నాకు మనసున వట్టేది కాదక్క" అన్నాడు ఆఖరుకు. "ఉత్త టేపు తిరుగుతుంటే గిరాకి మోసపోయినట్టు ఉంటది. సారు పాటలు ఎక్కించినంక చివర్ల జర జాగ మిగిలింది. ఇంకో క్యాసెట్ల ఈ పాట దొరికింది. దాని మీద కాగితం చినిగిపోయి పేర్లు లేవు. ఇన్న. ఇట్లాంటిది సారు కాక ఇంకెవరు చేస్తరు అనుకున్న. ఎక్కించిన. గా క్యాసెట్టు నుంచే అందరికి ఎక్కించిచ్చిన. గంతే."

అంటే ఒక్క చిరిగిన కాగితం వల్ల మా మండలాలు రెండూ ఇన్నేళ్ళు పొరపాటు పడ్డాయన్నమాట. నాకు నవ్వు వచ్చింది కానీ ఆయన ముఖం చూసి ఆపుకున్నాను.

"రేపు సారు పుస్తకం తెరుస్తడు. నడిమి పేజీలే తెరుచుకుంటయ్. చూస్తడు. నా పాటలు ఎరికనే లేదు వీనికి, వీడేం అభిమాని అనుకుంటడు. ఏం మొఖం పెట్టుకొని దండం పెట్టాలె నేను?"

సేటు లేచి వచ్చాడు. ముందు తిట్టాడు, అది ఆయన హక్కు. "రేపు పొద్దుగాల ఫంక్షన్ పెట్టుకొని ఇయ్యాల పాట మారుస్తరా? ఎట్లయ్య మీతోని?" తిట్టడం పూర్తికాగానే చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఫికర్ చెయ్యకు. నడిమి కాగితం ఒక్కటే గదా. తీసెయ్యి. కొత్తది ఏద్దాం. అక్కా, ఏం పెడ్తవో పెట్టు."

ఏం పెట్టాలి? వ్యాసం రాయడానికి అన్నకు చేతులాడటం లేదు. ఆ పాట పేరెత్తద్దన్నాడు. చివరికి సారు పాటల పేర్లన్నీ రెండు వరసల్లో పేర్చి, చుట్టూ పెళ్లి కార్డుల బార్డరు ఒకటి పెట్టాను. ఈసారి ప్రతి పాటనూ ఫోన్లో సరిచూశాను. తప్పు ఒక్కటి లేదు, రుచి కూడా లేదు. ఉప్పు మరిచిన పప్పులా ఉన్నాయి ఆ పేజీలు. కానీ మిషన్ మళ్ళీ తిరిగింది. సేటు స్వయంగా కాగితాలు మడిచాడు. ఆయన మడతలు వంకరగా ఉన్నాయని అవ్వ మొహం మీదే చెప్పి, వాటిని మళ్ళీ మడిచింది.

పోయే ముందు క్యాసెట్ అన్న నాతో అన్నాడు. "అక్కా, గా తప్పు కాగితాలు ఒక్కటి కూడ ఎవలకు కనబడొద్దు."

మిషన్ అన్నకు చెప్పాను. ఆయన వాటిని చిత్తు కాగితాల గుట్టలో పడేశాడు. గుట్ట బైండింగ్ టేబుల్ పక్కనే ఉంటుంది. నేను బస్సు వేళయిందని సంచీ తీసుకుని బయల్దేరాను. ప్రెస్సులో పనిచేసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళకు మర్నాడు తెలుస్తుంది, నాకు తెలిసినట్టే.

పొద్దున నేను సురంగల్ నుంచి నేరుగా ఫామ్‌హౌస్‌కు వెళ్ళాను. పచ్చికలో షామియానా, కుర్చీలు, మైకు. టెంపో డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నర్సమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చింది. కట్టలతో పాటు సేటు, అవ్వ ముందే వచ్చేశారు. అందరూ కూర్చోలేక తిరుగుతున్నారు. సారు కుర్చీ ముందు బల్ల మీద పత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. పురికొసతో గట్టిగా, మూలలు తీర్చి, అవ్వ కట్టినంత అందంగా కట్టలు ఇంకెవరూ కట్టలేరు. దగ్గరికి వెళ్ళి చూశాను. 

ప్రతి కట్టకూ చుట్టి ఉన్నది ఆ తప్పు కాగితమే. "మా ప్రాణం ఈ పాట" అని నేను పెట్టిన ఆ లావు అక్షరాలు నాకేసే చూస్తున్నాయి.

ప్రెస్సులో చిత్తు కాగితం పారేయరు. కట్టలకు చుడతారు. అచ్చున్న వైపు లోపలికి పెడితే సిరా కొత్త అట్టలకు అంటుతుందని, ఎప్పుడూ అచ్చు బయటికే ఉంచి చుడతారు. అవ్వ జీవితమంతా అలాగే చుట్టింది, ఆ సాయంత్రమూ అలాగే చుట్టింది. ఆమెకు చెప్పాలని మా ఎవరికీ తోచలేదు.

సారు కారు గేటులోకి వస్తోంది. కట్టలు విప్పే వ్యవధి లేదు. బల్ల చివర ఒక పళ్ళెంలో మడతపెట్టిన పట్టు శాలువా కనిపించింది. తీసి, విప్పి, కట్టల మీద కప్పేశాను. బల్లకు అలంకారంలా బాగానే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి వెళ్ళి అవ్వ పక్కన కూర్చున్నాను.

సారు సన్నగా, తెల్లటి చొక్కాలో, నెమ్మదిగా నడిచి వచ్చారు. అందరం లేచి నిలబడ్డాం. టెంపో డ్రైవరు ఏడ్చేశాడు, ఇంకా ఎవరూ ఏమీ మాట్లాడకముందే. క్యాసెట్ అన్న విడిగా తెచ్చుకున్న పత్రికను రెండు చేతులా అందించాడు. సారు తెరిచారు. క్యాసెట్ అన్న చెప్పినట్టే నడిమి పేజీలే తెరుచుకున్నాయి. పాటల పేర్ల మీద చూపు జార్చి, "బాగుంది, బాగుంది" అని మర్యాదగా మూసేశారు. అన్న ఊపిరి పీల్చుకోవడం నేనున్న చోటి దాకా వినిపించింది.

అప్పుడు మైకులో చెప్పారు. "ఇప్పుడు సారుకు శాలువా కప్పి సన్మానం."

నేను లేచేలోపే ఫామ్‌హౌస్ ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, రెండు చేతులా శాలువా ఎత్తేశాడు.

సారు ముందు శాలువా చూడలేదు. కట్టలు చూశారు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కిందికి వంగారు. శీర్షిక చదివారు. కట్టను తిప్పి పక్కవైపు చదివారు. కాగితం మడతలోకి పోయి వాక్యం తెగిపోయింది. "దీన్ని కాస్త విప్పుతారా?" అన్నారు.

ఎవరూ కదల్లేదు. ఆఖరుకు అవ్వే లేచి వెళ్ళి, పురికొస విప్పి, కాగితం సాపు చేసి చేతికిచ్చింది. శాలువా పట్టుకున్న ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. సారు మొత్తం చదివారు. ఏడు సీట్ల ఆటో దగ్గర ఆగి, మళ్ళీ చదివారు.

"ఇది ఎవరు రాశారు?"

క్యాసెట్ అన్న ముందుకొచ్చాడు. తల ఎత్తలేదు. "నేనే సార్. తప్పయింది. పాట మీది కాదని నిన్ననే తెలిసింది. తీసేసి కొత్త పేజీలు ఏసినం. ఇవి ఎట్లనో గట్ల బయటికొచ్చినయ్." చిరిగిన కాగితం సంగతి, మిగిలిన టేపు సంగతి అంతా చెప్పాడు. "ఇట్లాంటిది మీరు కాక ఇంకెవరు చేస్తరు అనుకున్న సార్."

 సారు కుర్చీలో కూర్చున్నారు.

"ఈ పాట వచ్చిన ఏడాది మా ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు నేను" అన్నారు. "అంత కుళ్ళు నాకు. వేణువు ఆగిన ఆ చోటు ఉంది చూశారా, అది నాకెందుకు తట్టలేదని ఎన్ని రోజులు నిద్ర పట్టలేదో. ఆయన కనబడితే బాగుందని కూడా చెప్పలేదు. చెప్పాల్సింది." కాగితం మీద చెయ్యి వేసి నిమిరారు. "మీ ఊళ్ళో ఇది నాదే అనుకున్నారా?"

"ఒక్క ఊరు కాదు సార్" అన్నాడు టెంపో డ్రైవరు వెనక నుంచి. "చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాక."

సారు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వేలా కాదు, పరీక్షలో అనుకోకుండా పాసైనవాళ్ళు నవ్వేలా. "అయితే ఇంతకాలం ఆ పాట నాదైన చోటు ఒకటుందన్నమాట. నాకెవరూ చెప్పలేదే." అన్న వైపు తిరిగి అడిగారు. "ఆ క్యాసెట్లో దీనికి ముందు నా పాట ఏది పెట్టావు?"

అన్న చెప్పాడు. సారు కళ్ళు మూసుకుని ఆ పాట చివరి చరణం పాడారు. గొంతు పలచబడిపోయింది కానీ స్వరం ఎక్కడా జారలేదు. చరణం ముగిసింది. ఒక్క క్షణం, వేణువు ఆగే ఆ క్షణమంత ఆగి, ఆ రెండో పాట ఎత్తుకున్నారు. నేను ఆటోలో దిగకుండా కూర్చున్న పాట. అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మా బాపు ఉండి ఉంటే ఆయనా ఏమీ అనేవారు కాదు.

"బాగా అతికించావయ్యా" అన్నారు సారు. "నాకే నాదనిపిస్తోంది."

తర్వాత జనమంతా సారు చుట్టూ మూగారు. ఫోటోలు, సంతకాలు, ఒకటే గోల. సంతకం కోసం అందరూ చాపింది పత్రిక కాదు, చిత్తు కాగితమే. అవ్వ కట్టలన్నీ విప్పి పంచింది. "నిన్న దాచిపెట్టుమన్నరట, ఇయ్యాల పంచుమంటున్నరు. మీ పని మీకే తెల్వదు" అని సేటును దులిపేసింది. సారు మాత్రం అవ్వ విప్పి ఇచ్చిన మొదటి కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, చొక్కా జేబులో కళ్ళద్దాల వెనక పెట్టుకున్నారు. కారు వెళ్ళిపోయాక చూస్తే, మేము అంత కష్టపడి తప్పుల్లేకుండా వేసిన పత్రిక ఆయన కుర్చీలోనే ఉంది.

నేను దాన్ని తీసి క్యాసెట్ అన్నకు చూపించాను. ఆయనకు దాని మీద ధ్యాసే లేదు. గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, దండం పెట్టుడే మరిచిపోయిన."

అంటూనే రోడ్డు మీదికి ఉరికాడు. నేనూ అవ్వా వెనకే వెళ్ళాం. కారు అప్పటికే కనుమరుగైంది. అయినా అటు తిరిగి రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. తనను ఆపుతున్నాడనుకుని చేవెళ్ల పోయే ఆటో ఒకటి వచ్చి ముందు ఆగింది.

"ఏడికన్న?" అన్నాడు డ్రైవరు.

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అవ్వను ముందు ఎక్కించి, తర్వాత మేమిద్దరం ఎక్కాం. ఆటో కదిలాక క్యాసెట్ అన్న సారు పాట చివరి చరణం పాడటం మొదలుపెట్టాడు. అది అయిపోతుండగా రెండోది నేనెత్తుకున్నాను. నడుమ జాగ ఉత్తగా పోనివ్వలేదు.